ఇక్కత్, పరుగు, కొర్రల మురుకులు: ఒక చిన్న ఏజెన్సీ కేస్ స్టడీ

మాది హైదరాబాద్‌లో ఒక చిన్న కమ్యూనికేషన్స్ ఏజెన్సీ. ప్రెస్ నోట్లు, ప్రెస్ మీట్లు, బ్రోచర్లు, చిన్న వీడియోలు, సోషల్ మీడియా పేజీలు, అప్పుడప్పుడు ఏదో గొడవ అయితే రాత్రికి రాత్రి రాసే వివరణలు, ఇదీ మా పని. ఈ మధ్య దాదాపు ఒకే సమయంలో మూడు పనులు చేతికొచ్చాయి. ఒకటి పోచంపల్లి ప్రాంతంలోని ఇక్కత్ నేత కార్మికుల బృందం. ఇంకొకటి పారా అథ్లెట్లకు శిక్షణ ఇచ్చే క్రీడా ట్రస్టు. మూడోది చిరుధాన్యాలతో చిరుతిళ్ళు తయారుచేసే కంపెనీ. ఒప్పందం ప్రకారం ముగ్గురి పేర్లూ బయటపెట్టకూడదు. అమ్మకాలు, విరాళాల లెక్కలు వాళ్ళ సొంత విషయం, వాటి జోలికి పోను. పని ఎలా నడిచింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముగ్గురికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా కలిపి రాయడానికి కారణం ఉంది. ముగ్గురూ ఏం చెప్పాలో ముందే నిర్ణయించుకుని వచ్చారు. ఆ మాటను గట్టిగా, అందంగా చెప్పిపెట్టడమే మా పని అనుకున్నారు. మూడు చోట్లా మేం మొదట అడిగిన ప్రశ్న ఒకటే: ఈ మాటకు రుజువేది? ఆ ప్రశ్న వల్ల మూడు పనులూ అనుకున్న దారిలో కాకుండా వేరే దారిలో వెళ్ళాయి.

పేరున్న చీర

భూదాన్ పోచంపల్లికి పేరు కొరత లేదు. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు అది. ఇక్కత్‌కు 2005లోనే జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చోటు దక్కింది. 2023 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వెళ్ళి మగ్గాలు చూశారు. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు పోటీదారులను అక్కడికి తీసుకెళ్ళారు, కెమెరాలన్నీ వెంట వెళ్ళాయి. అలాంటి ఊరి నుంచి వచ్చి ‘మాకు ప్రచారం కావాలె’ అంటే, ఇప్పటికే ఉంది కదా అని అడిగాం. బృందంలోని పెద్దాయన ఒకరు చెప్పిన జవాబు మా పనికి దిక్సూచి అయింది.

‘పేరున్నది బిడ్డా. ఆ పేరు మీద అమ్ముడుపోయేది మా చీర కాదు.’

ఆయన చెప్పింది ప్రింట్ల సంగతి. తెలియనివాళ్ళ కోసం ఇక్కడ కాస్త వివరం అవసరం. ఇక్కత్‌లో డిజైన్ బట్ట మీద పడదు, బట్ట కాకముందే దారంలో ఉంటుంది. దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ వరసగా పేర్చి (దీన్నే ఆసు పొయ్యడం అంటారు), డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోటల్లా రబ్బరు ట్యూబు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. విప్పి, మళ్ళీ వేరేచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆ తర్వాతే మగ్గం ఎక్కించడం. ఒక్క ఆసు పొయ్యడానికే ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పనితో తల్లి భుజాలు పడిపోవడం చూసే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మిల్లులో ఇదేమీ ఉండదు. నేసి ఉంచిన తెల్లబట్ట మీద అదే డిజైన్ నిమిషాల్లో అచ్చుపడుతుంది. దుకాణంలో దాని మీద ‘పోచంపల్లి మోడల్’ అని కాగితం అంటిస్తారు.

బృందానికి కావలసిందల్లా హైదరాబాద్‌లో పెద్ద హోర్డింగులు. ‘నకిలీ చీరలతో మోసపోకండి’ అని రాయాలి, వీలైతే అలాంటివి అమ్మే దుకాణాల ఫొటోలు పెట్టాలి. వాళ్ళ కోపం అర్థమవుతుంది. కానీ ఆ పని చేయబోమని చెప్పాం. జీఐ చట్టం కాపాడేది పేరును. ‘ఇది పోచంపల్లి ఇక్కత్’ అని చెప్పి ప్రింటు అమ్మితే తప్పు. ‘ఇది ప్రింటు’ అని చెప్పి అమ్మేవాడిని ఏమీ అనలేం. ఏ దుకాణంలో ఏ సేల్స్‌మన్ ఏమన్నాడో రుజువు లేకుండా ఫొటో పెడితే పరువునష్టం నోటీసు వచ్చేది బృందానికే. దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. హోర్డింగ్ చూసే ఆడవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఆ ప్రింటు చీరలే ఉంటాయి. బడ్జెట్ చూసుకుని కొనుక్కున్నవి. వాళ్ళ చీరను నకిలీ అని వెక్కిరిస్తే, రేపు డబ్బులున్నప్పుడు మన స్టాలుకు ఎందుకొస్తారు?

హోర్డింగ్ బదులు నాంపల్లి నుమాయిష్‌లోనూ, ఇతర ఎగ్జిబిషన్లలోనూ స్టాలు పక్కన నిలబడి కొనేవాళ్ళు ఏమడుగుతున్నారో విన్నాం. చరిత్ర ఎవరూ అడగలేదు. రంగు పోతుందా, ఉతకొచ్చా, ఇది నేతా ప్రింటా, ఆన్‌లైన్‌లో సగానికే ఉంది కదా, ఇవే ప్రశ్నలు. మూడో ప్రశ్నకు స్టాలు మీద ఉన్న అమ్మాయి జవాబు చెప్పేది కాదు, చీర కొంగు తిప్పి వెనకవైపు చూపించేది. కొన్న ఆవిడ తలూపేది. మా ప్రచారం మొత్తం ఆ అమ్మాయి చేతిలోంచే వచ్చింది. ‘తిప్పి చూడండి’ అన్నదే నినాదం అయింది. దారమే రంగు పీల్చుకుంది కాబట్టి ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. మామూలు ప్రింటుకు వెనకవైపు వెలిసిపోయి కనిపిస్తుంది, అంచులు గీత గీసినట్టు ఉంటాయి.

దీనికీ రుజువు ప్రశ్న వేశాం. చిక్కు బయటపెట్టింది మళ్ళీ ఆ పెద్దాయనే. కట్టి రంగువేసిన దారాన్నే పవర్‌లూమ్ మీద నేస్తే? అప్పుడు రెండు వైపులా ఒకేలానే ఉంటుంది. అంటే తిప్పి చూడటం వల్ల ప్రింటు దొరుకుతుంది, పవర్‌లూమ్ దొరకదు. ‘తిప్పి చూస్తే చేనేతో కాదో తెలిసిపోతుంది’ అని మేం రాసుకున్న వాక్యం అక్కడికక్కడే పోయింది. చేనేత అని చెప్పడానికి నమ్మదగ్గ గుర్తు హ్యాండ్‌లూమ్ మార్క్ లేబులు. టెక్స్‌టైల్స్ కమిటీ 2006 నుంచి నడుపుతున్న పథకం అది. కాబట్టి ప్రచారం రెండు మెట్లయింది: తిప్పి చూడండి, లేబులు అడగండి.

లేబుళ్ళు అడగమని ప్రచారం చేయబోతున్నాం కదా, మరి బృందం చీరలన్నింటికీ లేబుళ్ళున్నాయా? కొన్నింటికే ఉన్నాయి. మిగతావి ఆఫీసు బీరువాలో కట్టలుగా ఉన్నాయి, ఎగ్జిబిషన్ వస్తే తీసి కుడతారట. మా పనిలో ఎక్కువ కాలం తిన్నది వీడియో కాదు, ఈ లేబుళ్ళ వ్యవహారమే. ఏ చీర ఏ మగ్గం నుంచి వచ్చిందో పుస్తకంలో రాయడం, లేబులు కుట్టకుండా చీర గోదాము దాటకూడదని తీర్మానం, దానికి మాస్టర్ వీవర్ల (నూలు ఇచ్చి నేయించేవాళ్ళ) ఒప్పుకోలు. కమ్యూనికేషన్స్ బిల్లులో ఈ పనికి హెడ్ ఏమిటని మా అకౌంటెంట్ అడిగారు. నిజమే, లేదు. అయినా అది పూర్తయ్యేదాకా వీడియో విడుదల చేయనివ్వలేదు.

వీడియో స్క్రిప్టులో ‘వేల ఏళ్ళ వారసత్వం’ అన్న మాట కూడా కొట్టేశాం. చీరాల తేలియా రుమాళ్ళ (నూనెలో నానబెట్టిన నూలుతో నేసే ఇక్కత్ రుమాళ్ళ) నుంచి ఈ పనితనం తెలంగాణ వైపు వచ్చిందనీ, పోచంపల్లి చీర అనేది గత శతాబ్దంలోనే కుదురుకుందనీ ఈ రంగం చరిత్ర చదివినవాళ్ళు చెబుతారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో విడిగా జీఐ వచ్చింది కూడా. వేల ఏళ్ళు తీసేస్తే బృందంలో కొందరు నొచ్చుకున్నారు. ‘మా తాత నేసిండు, మా నాయన నేసిండు, నేను నేస్తున్న’ అని కెమెరా ముందు ఒకాయన అన్నారు. ఆ మాటే ఉంచాం. అది ఆయన ఇంట్లోనే రుజువయ్యే మాట.

వీడియో నిమిషం లోపే. వెనక వీణ లేదు, గంభీరమైన గొంతు లేదు. చెయ్యి, కొంగు, లేబులు. అందులోవే స్టాళ్ళలో కార్డుల మీద అచ్చువేసి పెట్టాం. ఆ తర్వాతి ఎగ్జిబిషన్లలో జనం అడక్కుండానే చీరలు తిప్పి చూస్తున్నారని స్టాలు వాళ్ళు చెప్పారు. మాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి: ప్రింట్లూ నేతచీరలూ రెండూ అమ్మే కొందరు దుకాణదారులు ఆ కార్డులు తమ కౌంటర్ మీదికీ కావాలన్నారు. నేతచీర ధర ఎందుకంతో కొనేవాళ్ళకు చెప్పలేక వాళ్ళూ అవస్థ పడుతున్నారట. దుకాణాల ఫొటోలతో హోర్డింగ్ పెట్టి ఉంటే ఈ తలుపు తెరుచుకునేది కాదు.

టైమింగ్ ఎంత?

2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారత్‌కు 29 పతకాలు వచ్చాయి. 7 స్వర్ణాలు, 9 రజతాలు, 13 కాంస్యాలు. అంతకుముందు టోక్యోలో వచ్చినవి 19. తెలుగువాళ్ళకు వాటిలో ఒకటి బాగా దగ్గరిది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి సెప్టెంబరు 3న 400 మీటర్ల టీ20 విభాగంలో 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. అదే ఏడాది మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచినప్పుడు ఆమె టైమింగ్ 55.07, అప్పటికి ప్రపంచ రికార్డు.

ఆ పతకం తర్వాత మా క్లయింట్ ట్రస్టుకు తల్లిదండ్రుల ఫోన్లు పెరిగాయి, విలేకరుల ఫోన్లు అంతకంటే పెరిగాయి. ‘మీ దగ్గర అలాంటి స్టోరీ ఉన్న పిల్లలెవరైనా ఉన్నారా?’ అన్నది మామూలు ప్రశ్న. అలాంటి స్టోరీ అంటే పేదరికం, ఊరి వెక్కిరింపులు, తల్లి కన్నీళ్ళు. దీప్తి విషయంలో అవి నిజం, ఆమె తల్లిదండ్రులే చెప్పారు, చెప్పడం అవసరం కూడా. కానీ ఆ కథ తెలిసినవాళ్ళలో ఎంతమందికి ఆమె టైమింగ్ తెలుసు? టీ20 అంటే ఏమిటో ఎంతమందికి తెలుసు? సాధారణ అథ్లెట్ గురించి రాసేటప్పుడు మొదటి పేరాలో సెకన్లు ఉంటాయి. పారా అథ్లెట్ దగ్గరికి వచ్చేసరికి సెకన్లు ఐదో పేరాలోకి జారిపోతాయి.

ట్రస్టు కోచ్‌లు దీని మీద గట్టిగా ఉన్నారు. చిక్కేమిటంటే అదే ట్రస్టులో విరాళాల విభాగం దీనికి సరిగ్గా ఎదురు. కన్నీళ్ళ వీడియో పెడితేనే డబ్బులొస్తాయని వాళ్ళ అనుభవం, అబద్ధం కాదు. మా మొదటి రెండు మీటింగుల్లో మేం దాదాపు మాట్లాడలేదు, రెండు విభాగాలూ ఒకదాన్నొకటి తిట్టుకోవడం విన్నాం.

మేం చేసిన ప్రతిపాదన ఇది. ప్రతి అథ్లెట్‌కూ ఒక పేజీ కాగితం. అందులో ముందు విభాగం, ఈవెంట్, అత్యుత్తమ టైమింగ్ లేదా దూరం, కిందటి సీజన్ కంటే ఎంత మెరుగు, కోచ్ ఎవరు, తర్వాతి పోటీ ఎక్కడ. కింద విభాగాల అర్థం రెండు లైన్లలో: పరుగులో టీ11 నుంచి 13 వరకు చూపు లోపం, టీ20 మేధోపరమైన వైకల్యం, టీ51 నుంచి 54 వరకు వీల్‌చెయిర్ పందేలు. ఇంటి సంగతులు కాగితంలో లేవు. ఎవరైనా రాయాలనుకుంటే అథ్లెట్‌నే అడగాలి, అథ్లెట్ చెప్పాలనుకుంటే చెబుతారు. జిల్లా ఎడిషన్ విలేకరికి సాయంత్రం డెడ్‌లైన్ టెన్షన్ ఉంటుంది. చేతికి తయారుగా అంకెలు ఇస్తే అంకెలే మొదటి పేరాలోకి వెళ్తాయి. ఇది ఆదర్శం కాదు, డెస్కులో పని ఎలా జరుగుతుందో తెలిసి చేసిన లెక్క. చాలావరకు పనిచేసింది.

విరాళాల విభాగానికి కన్నీళ్ళు లేని అప్పీలు రాసిచ్చాం: స్పైక్స్ బూట్ల జత ఎంత, ఫిజియోథెరపీకి నెలకు ఎంత, రైలు టికెట్లు, వసతి, గుడ్లు, పాలు. ఏ ఖర్చు ఎవరు ఇచ్చారో, ఆ అథ్లెట్ టైమింగ్ ఎంత మారిందో తిరిగి దాతకు చెప్పాలి. పాత వీడియోలు పూర్తిగా మానేయడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. తగ్గించారు. అంతవరకే మా వల్ల అయింది.

ఎక్కువ శ్రద్ధ పెట్టింది అనుమతి పత్రం మీద. మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ ఫొటో వాడాలంటే ఇప్పటిదాకా తండ్రో తల్లో సంతకం పెట్టేవారు, అథ్లెట్‌ను ఎవరూ అడిగేవారు కాదు. సంరక్షకుడి అనుమతి 2023 డిజిటల్ డేటా చట్టం అడుగుతుంది, అది సరే. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాత్రం వాళ్ళ నిర్ణయ హక్కును వాళ్ళకే ఇచ్చి, మిగతావాళ్ళు తోడ్పడాలంటుంది. అందుకని బొమ్మలతో ఒక కాగితం చేశాం: నీ ఫొటో పేపర్లో రావచ్చా, ఫోన్లో రావచ్చా, గోడమీద పెద్దగా రావచ్చా. మూడింటికీ విడిగా టిక్కు. ఎప్పుడైనా వద్దంటే తీసేస్తాం. ఒక అబ్బాయి పేపరుకు సరే అని, గోడకు వద్దన్నాడు. ఎందుకని అడిగితే ‘వాన పడితే చిరుగుతది’ అన్నాడు. గోడమీద వేయలేదు.

2024 జులైలో సుప్రీంకోర్టు వైకల్యం ఉన్నవారిని తెరమీద ఎలా చూపాలో మార్గదర్శకాలు ఇచ్చింది. అది సినిమాల గురించిన తీర్పే అయినా ట్రస్టు బోర్డుకు మా వాదన వినిపించడానికి బాగా పనికొచ్చింది. న్యాయస్థానం పేరు వినగానే బోర్డు సభ్యులు కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

ఇక స్పాన్సర్ వ్యవహారం. ట్రస్టుకు చిన్న మొత్తం ఇచ్చిన ఒక వ్యాపార సంస్థ, ట్రస్టు అథ్లెట్ ఒకరు జాతీయ పోటీలో గెలవగానే, తమ షోరూమ్ మీద అభినందనల హోర్డింగ్ పెట్టబోయింది. అథ్లెట్ ఫొటో, పక్కనే పండగ ఆఫర్. ‘అభినందిస్తే తప్పా?’ అని వాళ్ళ ప్రశ్న. 2021 ఆగస్టులో టోక్యోలో పీవీ సింధు కాంస్యం గెలిచినప్పుడు ఇదే జరిగింది. సంబంధం లేని బ్రాండ్లు ఆమె ఫొటోతో అభినందనల పోస్టులు పెట్టాయి. అనుమతి లేకుండా ఆమె పేరు, రూపం వాడుకున్నారంటూ ఆమె వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్ చట్టపరమైన చర్యలకు దిగింది. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ కూడా అలాంటివి తమ నియమావళికి విరుద్ధమని చెప్పింది. (హైదరాబాద్‌వాళ్ళకు ఆస్కీ అంటే బెల్లావిస్టాలోని స్టాఫ్ కాలేజీ గుర్తొస్తుంది, ఇది ముంబయి ఆస్కీ.) ఆ ఉదాహరణ చూపించాం. సింధుకు ఏజెంట్లున్నారు, లాయర్లున్నారు. వరంగల్ పక్క పల్లె నుంచి వచ్చిన అథ్లెట్‌కు ఎవరున్నారు? అందుకే ట్రస్టు తరఫున మేమే అడ్డుపడ్డాం. చివరికి ఫొటోకు విడిగా ఒప్పందం, విడిగా డబ్బు, కాలపరిమితి రాసుకున్నారు. ఆఫర్ పోయింది, అభినందన మిగిలింది.

ఫ్లెక్సీల సంగతి మాత్రం ఎవరూ ఆపలేరు. సన్మాన సభ ఫ్లెక్సీ మీద అరడజను మంది నాయకుల మొహాలు, మూలన స్టాంపు సైజులో పతకం తెచ్చిన అమ్మాయి. ఆ ఫ్లెక్సీ మేం చేయలేదు, అది చెప్పుకోవాలనిపించింది.

ప్యాకెట్ వెనకవైపు

మూడో పని అన్నింటికంటే లాభసాటిది, అన్నింటికంటే వాదనలు జరిగింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. ఆ ఊపులో రాష్ట్రంలో ఎన్నో చిన్న కంపెనీలు పుట్టాయి, మా క్లయింట్ వాటిలో కాస్త నిలదొక్కుకున్నది. కొర్రల మురుకులు, రాగి లడ్డూ, ‘మల్టీ మిల్లెట్’ బిస్కెట్లు. ఎండీ గారికి యాభై దాటాయి, మనిషి నిజాయితీపరుడు, సరుకు మీద నమ్మకం ఉంది. ఆయన తెచ్చుకున్న మాట: ‘కొర్రలు తినండి, షుగర్‌ను తరిమికొట్టండి.’

తెలుగు ఇళ్ళల్లో ఈ మాట ఎంత నడుస్తోందో తెలుసు. పొద్దున వాకింగ్ బ్యాచ్‌లో సగం మంది కొర్రలో సామలో వండుకుంటున్నవాళ్ళే. ఎండీ గారు వట్టిచేతులతో రాలేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 2021లో వచ్చిన పరిశోధనా పత్రం ప్రింటు తీసి తెచ్చారు. పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, రోజువారీ భోజనంలో చిరుధాన్యాలు తీసుకున్న మధుమేహులకు రక్తంలో చక్కెర 12 నుంచి 15 శాతం తగ్గిందని అందులో ఉంది.

‘ఇంతకన్నా రుజువేం కావాలి మేడమ్?’

‘సార్, ఇందులో వాళ్ళు తిన్నది అన్నంలా వండుకున్న కొర్రలు. మనది నూనెలో వేయించిన మురుకు.’

ఆయనకు కోపం వచ్చింది, తర్వాత నవ్వారు. చట్టం సంగతి కూడా వివరించాం. ఆహార పదార్థాల ప్రకటనల మీద కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు ఉన్నాయి. ఫలానా రోగాన్ని నయం చేస్తుంది, నివారిస్తుంది అని మామూలు తిండి పదార్థానికి చెప్పకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షలు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా వేయవచ్చు. ‘అందరూ రాస్తున్నారుగా’ అన్నారు. రాస్తున్నారు, నిజమే. పెద్ద కంపెనీ అయితే జరిమానా కట్టి మర్చిపోతుంది. ఈయన సైజు కంపెనీకి అది ఒక ఏడాది లాభం.

సరే, రోగం మాట వదిలేద్దాం, మిగతావి రాద్దాం అన్నారు. మిగతావి మూడు: చక్కెర కలపలేదు, పీచు ఎక్కువ, మల్టీ మిల్లెట్. ఒక్కొక్కటీ తీసుకుని కూర్చున్నాం.

లడ్డూలో చక్కెర లేదు, బెల్లం ఉంది. ఇంట్లో మనకు బెల్లం వేరు, చక్కెర వేరు. నిబంధనల్లో ‘చక్కెర కలపలేదు’ అనాలంటే తేనె, బెల్లం లాంటివి ఏవీ కలపకూడదు. కాబట్టి ఆ మాట పోయింది. ‘బెల్లంతో చేసిన రాగి లడ్డూ’ అని రాశాం. ఎలాంటి చిక్కూ లేదు, పైగా నోరూరుతుంది.

పీచు సంగతి లెక్కతో తేలేది. వంద గ్రాముల ఘన పదార్థంలో 3 గ్రాములు ఉంటే పీచు ఉందని చెప్పవచ్చు, 6 గ్రాములు ఉంటేనే ఎక్కువ ఉందని చెప్పవచ్చు. కంపెనీ దగ్గర ఉన్నవి ముడి ధాన్యం లెక్కలు. పొట్టు తీసి, పిండి పట్టి, వేయించాక ఎంత మిగిలిందో ఎవరూ కొలవలేదు. గుర్తింపు ఉన్న ల్యాబుకు తయారైన సరుకు పంపించాం. రిపోర్టు వచ్చాక ఒకదానికి ‘ఎక్కువ’ దక్కింది, ఇంకొకదానికి ‘ఉంది’ వరకే దక్కింది.

అసలు తలనొప్పి బిస్కెట్లు. ముందువైపు నాలుగు రకాల ధాన్యపు వెన్నుల బొమ్మ, పెద్ద అక్షరాల్లో మల్టీ మిల్లెట్. వెనకవైపు పదార్థాల జాబితాలో మొదటి పేరు మైదా. ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది రూలు. అంటే బిస్కెట్‌లో అన్నింటికంటే ఎక్కువ ఉన్నది మైదా అని ప్యాకెట్టే చెబుతోంది. ఇంకో రూలు కూడా ఉంది: పేరులోనో బొమ్మలోనో ఒక పదార్థాన్ని గొప్పగా చూపిస్తే అది ఎంత శాతం ఉందో రాయాలి. అదీ లేదు. ఈ ప్యాకెట్‌ను ఎవరో ఫోన్‌లో ఫొటో తీసి పెడితే చాలు, మా ప్రచారం మొత్తం ఒక సాయంత్రంలో కొట్టుకుపోతుంది. ప్యాకెట్లు తిప్పి లేబుళ్ళు చదివే వీడియోలకు ఇప్పుడు ఎంత గిరాకీ ఉందో చూస్తూనే ఉన్నాం.

ఎండీ గారికి రెండే దారులు చెప్పాం. ముందువైపు పేరు మార్చండి, లేదా లోపలి పిండి మార్చండి. ఆయన రెండోదే ఎంచుకున్నారు. ఆయన మీద గౌరవం పెరిగింది అప్పుడే. మైదా తీసేసి గోధుమపిండి, చిరుధాన్యాల పాళ్ళు పెంచడం అన్నంత తేలిక కాదు. జిగురు తగ్గితే బిస్కెట్ విరిగిపోతుంది, పెట్టెలో పొడి మిగులుతుంది. ఫ్యాక్టరీలో ట్రయల్ మీద ట్రయల్. సంక్రాంతికి అనుకున్న ప్రచారం సంక్రాంతి దాటింది. మార్కెటింగ్ మేనేజరు రోజూ ఫోన్ చేసి ‘సీజన్ పోతోంది మేడమ్’ అని గోల. పోయింది కూడా.

వచ్చిన ప్రకటన చూస్తే మాత్రం ఆ ఆలస్యం గుర్తు రాదు. ప్యాకెట్ ముందువైపు మధ్యలో ఒకే పెద్ద అంకె, చిరుధాన్యాల శాతం. పేపర్ ప్రకటనలో ప్యాకెట్ వెనకవైపును పెద్దది చేసి అచ్చువేశాం, పైన ఒక్క ప్రశ్న: ‘ఇందులో కొర్రలెంత?’ జవాబు జాబితాలో ఉంది, చదువుకోమన్నాం. పోటీ కంపెనీలను ఒక్క మాట అనలేదు. ఆ ప్రశ్న చూసినవాళ్ళు ఇంట్లో ఉన్న వేరే ప్యాకెట్లు తిప్పి చూస్తారని మాత్రం మాకు తెలుసు.

ఇన్‌ఫ్లుయెన్సర్ల దగ్గర ఇంకో రౌండు. ఒకావిడ స్క్రిప్టులో ‘మా అమ్మకు షుగర్ తగ్గింది’ అని సొంతంగా చేర్చారు. నిజమే కావచ్చు. తీయించాం. డబ్బులిచ్చి చేయించిన వీడియో మీద యాడ్ అని రాయాలని ఆస్కీ 2021 నుంచి, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 నుంచి చెబుతున్నాయి. ఆరోగ్యం మీద సలహా ఇచ్చేవాళ్ళు తమ అర్హత చెప్పాలని కూడా ఆస్కీ 2023లో చేర్చింది. ఇద్దరు ఇన్‌ఫ్లుయెన్సర్లు ‘యాడ్ అని రాస్తే వ్యూస్ పడిపోతాయి’ అని తప్పుకున్నారు. వంటల చానల్ నడిపే ఒక గృహిణి రాయడానికి ఒప్పుకున్నారు, రాశారు. ఆమె వీడియో కింద కామెంట్లలో జనం అడిగింది యాడ్ గురించి కాదు, బిస్కెట్ పిల్లలు తింటారా అని.

ఏం కొలిచాం

ఈ రంగంలో ఇప్పటికీ నడిచే ఒక లెక్క ఉంది. పేపర్లో వచ్చిన వార్త ఎన్ని కాలమ్ సెంటీమీటర్లో కొలిచి, ఆ పేపరు ప్రకటన రేటుతో గుణించి, ‘మీకు ఇన్ని లక్షల విలువైన ప్రచారం చేశాం’ అని రిపోర్టు ఇవ్వడం. 2010లోనే బార్సిలోనా సూత్రాల పేరుతో ఈ వృత్తివాళ్ళు కూర్చుని ఈ లెక్క విలువను చూపదని తేల్చేశారు. అయినా క్లయింట్లు అడుగుతారు, ఏజెన్సీలు ఇస్తాయి. మేం ముగ్గురికీ ఆ అంకె ఇవ్వలేదు. ఇక్కత్ బృందానికి లేబులుతో అమ్ముడైన చీరల లెక్క వాళ్ళ పుస్తకంలోంచే తీసిచ్చాం. ట్రస్టుకు వార్తల్లో మొదటి పేరాలో టైమింగ్ ఉన్నవెన్ని, లేనివెన్ని అని కత్తిరింపులు విడదీసిచ్చాం. చిరుతిళ్ళ కంపెనీకి వచ్చిన ఫోన్లలో, మెసేజీల్లో దేని గురించి అడుగుతున్నారో రాసిచ్చాం. కంపెనీ బోర్డులో ఒకరు ‘మరి లక్షల్లో ఎంత?’ అని అడిగారు. ఎండీ గారే సర్దిచెప్పారు.

కవరేజీ ప్యాకేజీ అమ్మే యూట్యూబ్ చానళ్ళ ఫోన్లు మూడు పనుల్లోనూ వచ్చాయి. ప్రెస్ మీట్‌కు వస్తే ఇంత, ఇంటర్వ్యూకు ఇంత, నెగటివ్ రాకుండా ఇంత. చివరిది విన్నాక మా కుర్రాడు నంబరు బ్లాక్ చేశాడు.

ప్రస్తుతం మా ఒప్పంద పత్రంలో కొత్త పేజీ ఒకటి చేరింది. క్లయింట్ చెప్పదలచుకున్న ప్రతి వాక్యం ఒక వరుస, పక్కన రుజువు ఎక్కడుంది, దాన్ని ఎవరు సంతకం చేసి ఇచ్చారు. ఖాళీ ఉన్న వరుస అచ్చుకు వెళ్ళదు. దీనివల్ల ఒకరిద్దరు కొత్త క్లయింట్లు వెనక్కి వెళ్ళిపోయారు. ఇక్కత్ బృందం మాత్రం రాబోయే నుమాయిష్‌కు పుట్టపాక వాళ్ళను కూడా కలుపుకుందామంటోంది. తేలియా రుమాలుకు తిప్పి చూడటం ఒక్కటే సరిపోదు, నూనెలో నానబెట్టిన నూలు వాసన కూడా చూపించాలి. వాసనను కార్డు మీద ఎలా అచ్చువేయాలో చర్చ నడుస్తోంది.